చార్లెస్టన్‌లో అమ్మానాన్నలతో రెండు రోజులు: బీచ్ పక్కన పెట్టి ఊరు చూడండి

మీరు అడిగింది ఇది: అట్లాంటా నుంచి కారులో వస్తున్నాం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న కూడా ఉన్నారు, రెండు రోజులు టైముంది, సౌత్ కెరొలినాలోని ఈ చార్లెస్టన్‌లో రంగురంగుల ఇళ్ళు, బీచ్ తప్ప ఇంకేమైనా ఉందా, లేకపోతే పక్క రాష్ట్రం జార్జియాలోని సవానా వెళ్ళడం మేలా అని. మీ పోస్టు కింద ఇప్పటికే ముగ్గురు నలుగురు రెయిన్‌బో రో అనే ఆ రంగుల ఇళ్ళ వరస ఫోటోలు పెట్టి "సూపర్ ప్లేస్ అండి" అనేసి వెళ్ళిపోయారు. నేను పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, వచ్చిన ప్రతి చుట్టానికీ ఊరు చూపించే డ్యూటీ నాదే, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపికుంటే చదవండి.

ముందు ఒక సంగతి. మొదట్లో నేనూ అందర్నీ అలాగే తిప్పేవాణ్ణి. రెయిన్‌బో రో, పైనాపిల్ ఫౌంటెన్, గుర్రబ్బండి, ఐస్‌క్రీమ్, ఇంటికి. మా నాన్నగారు వచ్చినప్పుడు అదంతా మారిపోయింది. ఆయన కోనసీమ రైతు. ఇళ్ళు చూసి "బానే ఉన్నాయి" అన్నారు, ఫౌంటెన్ చూసి అదీ అనలేదు. తర్వాత సిటీ మార్కెట్‌లోకి వెళ్ళాం. అక్కడ స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. ఒకావిడ ముందు వెడల్పుగా, అంచు తక్కువగా ఉన్న పళ్ళెంలాంటి బుట్ట ఒకటి ఉంది. నాన్నగారు ఆగిపోయి, అది చేతిలోకి తీసుకుని, రెండు చేతులతో పైకి కిందకి ఆడించి "ఒరేయ్, ఇది చేటరా" అన్నారు. నేను సిగ్గుపడి సారీ చెప్పబోయేలోగా ఆవిడ పెద్దగా నవ్వి, తనూ ఇంకో బుట్ట తీసుకుని అచ్చంగా అలాగే చెరిగి చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ లేని వడ్లు చెరుగుతూ ఐదు నిమిషాలు నవ్వుకున్నారు.

నిజంగానే అది చేటే. ఆ అల్లిక ఇక్కడ పుట్టింది వడ్లు చెరగడానికే. ఆ రోజు నుంచి నేను ఈ ఊరిని బియ్యం వైపు నుంచే చూపిస్తున్నాను. మన జిల్లాల వాళ్ళకి ఇంతకంటే తేలికగా అర్థమయ్యే దారి ఇంకోటి లేదు.

ఊరు మొదలైంది 1670లో. ఇంగ్లండ్ రాజు రెండో ఛార్లెస్ పేరు మీద ఛార్లెస్ టౌన్ అన్నారు, చార్లెస్టన్ అయింది స్వాతంత్ర్య యుద్ధం అయిపోయాక 1783లో. మొదట ఆష్లీ నది పడమటి ఒడ్డున ఉండేది, పదేళ్ళకి ఇప్పుడున్న చోటికి, అంటే ఆష్లీ, కూపర్ అనే రెండు నదుల మధ్య నాలుకలా ఉన్న నేల మీదకి మార్చారు. ఈ రెండు నదులూ కలిస్తేనే అట్లాంటిక్ సముద్రం పుట్టిందని ఇక్కడివాళ్ళు జోక్ వేస్తారు, సగం సీరియస్‌గా. మొదటి చోటు ఇప్పుడు ఛార్లెస్ టౌన్ ల్యాండింగ్ అనే పార్కు, టైముంటేనే వెళ్ళండి.

వచ్చినవాళ్ళలో చాలామంది బార్బడోస్ చెరకు తోటల నుంచి వచ్చారు, బానిసల్ని వెంటపెట్టుకునే వచ్చారు. కొన్నేళ్ళు జింక తోళ్ళ వ్యాపారం అదీ ఇదీ చేశాక వరి తగిలింది. విత్తనం మడగాస్కర్ నుంచి వచ్చిన ఓడలో వచ్చిందని ఒక కథ చెప్తారు, కథ సంగతి ఎలా ఉన్నా 1700 నాటికి ఇక్కడ వరి నిలదొక్కుకుంది. అయితే ఇంగ్లీషువాళ్ళకి వరి సాగు ఏం తెలుసు? తెలిసింది పశ్చిమ ఆఫ్రికా వాళ్ళకి. గాంబియా, సియెరా లియోన్ వైపు తరతరాలుగా వరి పండించే జనం ఉన్నారు, వాళ్ళని పట్టుకొచ్చి ఇక్కడి చిత్తడి అడవుల్లో దించారు. మడమతో గుంట చేసి విత్తనం వేసి పాదంతో మట్టి కప్పడం, రోట్లో పోసి రోకలితో దంచడం, చేటలో చెరగడం, అన్నీ వాళ్ళవే. 1708 నాటికే ఈ కాలనీలో తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళు ఎక్కువ.

తర్వాత వచ్చిన పద్ధతి ఇంకా గొప్పది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నదిలో నీళ్ళు వెనక్కి తన్ని మట్టం పెరుగుతుంది కదా, సముద్రానికి కాస్త ఎగువన, ఉప్పు అందనంత దూరంలో పొలానికి గట్లు పోసి, పోటప్పుడు తూము ఎత్తి మంచినీళ్ళు లోపలికి పెట్టుకుని, నీరు వెనక్కి తగ్గే ఆటు వేళ బయటికి వదిలేస్తారు. ఆ తూముని ఇక్కడ ట్రంక్ అంటారు, తొలిరోజుల్లో చెట్టు మానుని తొలిచి చేసేవాళ్ళట, అందుకు. రెండు వైపులా తలుపులున్న చెక్క పెట్టె, అంతే, కరెంటూ లేదు, మోటారూ లేదు. రావెనెల్ దగ్గర కా కా అనే కౌంటీ పార్కు ఉంది, పాత వరి మళ్ళు, గట్లు, తూములు ఇప్పటికీ కనిపిస్తాయి. నాన్నగారు ఆ గట్టు మీద కూర్చుని అరగంట లేవలేదు. "ఇంత మట్టి ఎవరు మోశార్రా?" అని అడిగారు. అదే అసలు ప్రశ్న. మొసళ్ళు, పాములు, దోమల మధ్య పారలతో, బుట్టలతో మైళ్ళ కొద్దీ గట్లు పోసింది బానిసలే.

దోమలంటే గుర్తొచ్చింది. వేసవిలో మలేరియాకి భయపడి తోటల యజమానులు మే నెలలో మూటాముల్లె సర్దుకుని ఊళ్ళోకి వచ్చేసేవాళ్ళు, మంచు పడేదాకా పొలం మొహం చూసేవాళ్ళు కాదు. మీరు మీటింగ్ స్ట్రీట్‌లో, సౌత్ బ్యాటరీలో చూసే మేడలు చాలావరకు అలాంటి దొరలవే. పొలంలో మిగిలింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఊళ్ళో నడవండి. మొదటి రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే. బ్రాడ్ స్ట్రీట్ చివర ఓల్డ్ ఎక్స్చేంజ్ దగ్గర మొదలుపెట్టమంటాను. 1771లో పూర్తయిన బిల్డింగ్, అప్పట్లో కస్టమ్స్ హౌస్. 1773 డిసెంబర్లో బోస్టన్‌లో టీ పెట్టెలు సముద్రంలో పారేసిన సంగతి అందరికీ తెలుసు. అదే నెలలో ఇక్కడికీ ఈస్టిండియా కంపెనీ టీ వచ్చింది, ఇక్కడివాళ్ళు మాత్రం పారేయలేదు, జప్తు చేసి దీని నేలమాళిగలో పెట్టి, యుద్ధం మొదలయ్యాక అమ్ముకుని ఆ డబ్బు యుద్ధానికే వాడారు. వ్యాపారస్తుల ఊరంటే ఇదీ! ఆ కంపెనీ ఏదో కాదు, 1611లో మన మచిలీపట్నంలో దుకాణం తెరిచిందే. కిందికి దిగితే పాత కోటగోడ ముక్క కనిపిస్తుంది, ఒకప్పుడు ఊరి చుట్టూ గోడ ఉండేది. బ్రిటిష్‌వాళ్ళు ఇదే నేలమాళిగని జైలుగా వాడారు. పైన హాల్లో 1788లో సౌత్ కెరొలినా అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఇంత స్వేచ్ఛ గురించి మాట్లాడిన బిల్డింగ్ పక్కనే, బయట వీధిలో, 1856 దాకా మనుషుల్ని వేలం వేశారు.

1856లో వీధిలో అమ్మకాలు వద్దన్నారు. జాలి పడి కాదులెండి, వీధి వేలం ఊరికి మర్యాదగా లేదని. అప్పుడు అమ్మకాలు లోపలికి వెళ్ళాయి. అలా వచ్చిందే చామర్స్ స్ట్రీట్‌లోని ఓల్డ్ స్లేవ్ మార్ట్, ఎక్స్చేంజ్ నుంచి నడిచి ఐదు నిమిషాలు. చిన్న మ్యూజియం, గంటలో అయిపోతుంది, కానీ గోడల మీదున్నది అంతా చదవండి, వయసుని బట్టి మనిషికి రేటు ఎలా కట్టేవారో కూడా ఉంటుంది. మా అమ్మ సగంలోనే బయటికొచ్చేసింది. ఒకసారి గుర్రబ్బండి గైడ్ ఒకాయన మా చుట్టాలకి సిటీ మార్కెట్ చూపించి "బానిసల్ని అమ్మింది ఇక్కడే" అని చెప్పాడు. తప్పు. సిటీ మార్కెట్‌లో అమ్మింది కూరగాయలు, మాంసం, చేపలు. పేరులో మార్కెట్ ఉందని చాలామంది అలా అనుకుంటారు.

చామర్స్ వీధి రాళ్ళ రోడ్డు, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి, మోకాళ్ళ నొప్పులుంటే పక్క వీధిలోంచి వెళ్ళండి. ఆ గుండ్రాళ్ళు కూడా బియ్యం కథే. బరువైన బియ్యం పీపాలు ఎక్కించుకోవడానికి యూరప్ నుంచి ఖాళీగా వచ్చే ఓడలు తేలిపోకుండా అడుగున రాళ్ళు వేసుకొచ్చేవి, ఇక్కడ దించేసి బియ్యం నింపుకుని పోయేవి. ఆ రాళ్ళతో వీధులు పరిచారు.

అక్కడి నుంచి బ్రాడ్, మీటింగ్ వీధుల మూలకి వస్తే సెయింట్ మైకేల్స్ చర్చి, 1761లో పూర్తయింది. తెల్లగా, ఊరంతటికీ గురుతులా ఉంటుంది. దాని గంటలది పెద్ద కథ: లండన్లో పోతపోసి తెచ్చారు, స్వాతంత్ర్య యుద్ధంలో ఓడిపోయి పోతూ పోతూ బ్రిటిష్‌వాళ్ళు ఎత్తుకుపోయారు, మళ్ళీ వచ్చాయి, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో భద్రంగా ఉంటాయని ఈ రాష్ట్ర రాజధాని కొలంబియాకి పంపిస్తే అక్కడ మంటల్లో పాడైపోయాయి, మళ్ళీ లండన్ పంపి పోత పోయించి తెచ్చారు. ఈ ఊళ్ళో మనుషుల కంటే గంటలే ఎక్కువ ఫారిన్ ట్రిప్పులు వేశాయి.

నడిచేటప్పుడు ఇళ్ళ ఆకారం గమనించండి. ఇల్లు వీధికి అడ్డంగా తిరిగి ఉన్నట్టుంటుంది, సన్నటి పక్క వీధి వైపు, పొడుగాటి పక్కకి రెండు మూడంతస్తుల వసారా. దీన్ని సింగిల్ హౌస్ అంటారు, వీధి వైపు నుంచి చూస్తే ఒక్క గది వెడల్పే. వీధి తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, వసారాలోకి వెళ్తాం. గాలి ఇటు నుంచి అటు పోవడానికి. ఏసీ లేని రోజుల్లో, మే నెల రాజమండ్రి లాంటి ఉక్కలో బతకడానికి కట్టుకున్న ఇళ్ళు. గోడల మీద గుండ్రంగా, నక్షత్రాల్లా ఇనప బిళ్ళలు కనిపిస్తాయి, అలంకారం అనుకునేరు. 1886 ఆగస్టు 31 రాత్రి వచ్చిన భూకంపం ఊరిని కుదిపేసింది, అరవై మందికి పైగా పోయారు. తర్వాత చాలా ఇళ్ళకి ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప కడ్డీలు దూర్చి బిగించారు, వాటి తలలే ఆ బిళ్ళలు.

ఇన్ని పాత ఇళ్ళు ఎలా మిగిలాయని మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు. డబ్బు లేక. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం పోయింది, కూలి ఇచ్చి ఆ గట్లు నిలబెట్టడం దొరల వల్ల కాలేదు, తుఫాన్లు తెగ్గొట్టాయి, లూసియానా వైపు మెషీన్లతో వరి చవగ్గా పండింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ వరి దాదాపు చచ్చిపోయింది. మిగతా అమెరికా పాతవి కూల్చి కొత్తవి కడుతుంటే ఈ ఊరివాళ్ళ దగ్గర కూల్చడానికి కూడా డబ్బుల్లేవు. రంగులేయించే స్తోమత లేదు, సున్నం కొట్టించడానికి పరువు ఒప్పుకోదు అని ఇక్కడ ఒక మాట ఉంది. తర్వాత 1931లో పాత ఊరిని కాపాడే జోనింగ్ చట్టం (ఎక్కడ ఏం కట్టచ్చో చెప్పేది) తెచ్చారు, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. ఇంచుమించు అప్పుడే ఒకావిడ ఈస్ట్ బే స్ట్రీట్‌లో శిథిలమైపోతున్న ఇళ్ళు కొని గులాబీ రంగు వేయించింది, చుట్టుపక్కలవాళ్ళూ తలో రంగు వేశారు. అదే మీ రెయిన్‌బో రో, పదమూడు ఇళ్ళు. ఓడరేవు వ్యాపారుల దుకాణాలవి, కింద షాపు, పైన కాపురం. ఫోటో దిగండి, ఐదు నిమిషాలు చాలు.

మధ్యాహ్నం అంతా ఒకే చోట పెట్టండి: గ్యాడ్స్‌డెన్స్ వార్ఫ్ అనే పాత ఓడల రేవు గట్టు మీద 2023లో తెరిచిన ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. ఉత్తర అమెరికాకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో సుమారు నూటికి నలభై మంది ఈ రేవు ప్రాంతం మీదుగానే వచ్చారని లెక్క. 1808 జనవరి 1 నుంచి దిగుమతి నిషేధం వస్తుందని ముందే తెలిసి, దానికి ముందు నాలుగేళ్ళలో ఎగబడి సుమారు 40 వేల మందిని తెచ్చారు, వాళ్ళలో చాలామంది ఈ వార్ఫ్ మీదే దిగారు. ఆ నేలని తాకకూడదన్నట్టు బిల్డింగ్ మొత్తాన్ని పద్దెనిమిది స్తంభాల మీద పైకెత్తి కట్టారు. కింద తోట ఉంది, దానికి టికెట్ లేదు. అక్కడ లోతు లేని నీటి మడుగు అడుగున ఓడలో పక్కపక్కన కుక్కిన మనుషుల ఆకారాలు చెక్కి ఉంటాయి, నీళ్ళు ఎక్కి దిగుతుంటే కనబడుతూ మునుగుతూ ఉంటాయి. టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, ఏ రోజు మూసేస్తారో కూడా చూసుకోండి.

అక్కడికి వెళ్తే మనకి సంబంధం లేని చరిత్ర అనుకోకండి. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి యూరప్ వ్యాపారులు ఇచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ తీరంలో నేసిన నూలు గుడ్డ కూడా ఉండేది, దానికి గినీ గుడ్డ అనే పేరే ఉంది. మగ్గం మీద కూర్చున్నవాడికి అది ఎక్కడికి పోతుందో తెలిసి ఉండదు. నీలిమందు సంగతీ అంతే. 1740ల్లో ఎలైజా లూకస్ అనే అమ్మాయి, ఇరవైల్లోకి వచ్చిన కొత్తలోనే, తన తండ్రి తోటల్లో నీలి పండించి చూపించింది (ఆకుని తొట్లలో నానబెట్టి బాదింది బానిసలే), బ్రిటన్ దానికి రాయితీ కూడా ఇచ్చింది. అమెరికా స్వతంత్రమయ్యాక ఆ రాయితీ పోయింది, ఇక్కడ నీలి కూలబడింది, బెంగాల్లో లేచింది. అక్కడి రైతుల ఏడుపు మీకు తెలిసిందే.

ఇంకొకటి కూడా చెప్పకుండా ఉండలేను. 1780 మే 12న ఈ ఊరు బ్రిటిష్ సైన్యానికి లొంగిపోయింది, అమెరికన్లు ఐదు వేలకి పైగా పట్టుబడ్డారు. ముట్టడిలో ఉన్న జనరల్స్‌లో కార్న్‌వాలిస్ ఒకడు, తర్వాత దక్షిణాది బాధ్యత ఆయనకే అప్పగించారు. మరుసటి ఏడు యార్క్‌టౌన్‌లో ఓడిపోయి లొంగిపోయాడు. ఐదేళ్ళకి మన దేశానికి గవర్నర్ జనరల్! 1792లో టిప్పు సుల్తాన్‌తో సంధి, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు ఒప్పందం, ఆ తర్వాత 1802లో ఆ పద్ధతి మన ఉత్తర సర్కార్లకి కూడా వచ్చింది. మా తాతగారు చెప్పిన జమీందార్ల కథలన్నిటి వెనకా ఈ ఊళ్ళో తిరిగిన మనిషి ఉన్నాడని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో రోజు పొద్దున్న రేవు ముఖద్వారంలో ఉన్న కోట, ఫోర్ట్ సమ్టర్. పడవలో అరగంట, గాలికి అమ్మానాన్నలు హాయిగా ఫీలవుతారు. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున 4:30కి దీని మీద పేల్చిన ఫిరంగితోనే అంతర్యుద్ధం మొదలైంది, 34 గంటలు కొట్టారు, విచిత్రం ఏమిటంటే ఆ కాల్పుల్లో ఒక్కరూ చావలేదు. తర్వాత నాలుగేళ్ళలో ఆరు లక్షల మందికి పైగా చచ్చారనుకోండి. కోటలో చూడ్డానికి విరిగిన గోడలే, అక్కడ దిగాక పెద్దగా ఏమీ లేదని కొందరు పెదవి విరుస్తారు. నాకైతే పడవలోంచి రేవుని చూడడమే ముఖ్యం, ఎందుకంటే పిల్లలకి రాబర్ట్ స్మాల్స్ కథ చెప్పాల్సింది అక్కడే. ప్లాంటర్ అనే దక్షిణాది సైన్యం పడవ నడిపే బానిస ఆయన. 1862 మే 13 తెల్లవారకముందు, తెల్ల ఆఫీసర్లు ఒడ్డున నిద్రపోతుంటే, కెప్టెన్ టోపీ పెట్టుకుని, చీకట్లో కెప్టెన్ లాగే నిలబడి, పెళ్ళాం పిల్లల్నీ తోటివాళ్ళ కుటుంబాల్నీ ఎక్కించుకుని, దారిలో ప్రతి కోటకీ సరైన ఈల సిగ్నల్ ఇస్తూ, ఈ సమ్టర్ ముందునుంచే దాటించి ఉత్తరాది నౌకలకి అప్పగించాడు. తర్వాత అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. ఇంత కథకి మనవాళ్ళెవరూ ఇంకా సినిమా తీయలేదేం అని మా అబ్బాయి ప్రతిసారీ అడుగుతాడు.

మధ్యాహ్నం ప్లాంటేషన్ ఒక్కటే చూడండి, రెండు మూడు వద్దు. పూలతోటలు కావాలంటే మాగ్నోలియా. నేను మిడిల్టన్ ప్లేస్‌కి పంపిస్తాను, నది వైపు దిగే పచ్చటి మెట్లు, కింద వరి మిల్లు, మడి, అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. అసలు మేడని 1865లో తగలబెట్టారు, మిగిలిన గోడల్లో చాలావరకు భూకంపం పడగొట్టింది, పక్క బిల్డింగ్ ఒకటే నిలిచింది. బూన్ హాల్‌లో చెట్ల వరస అందంగా ఉంటుంది, పెళ్ళి ఫోటోలకి పోటీపడతారు. అక్కడ ఆ చెట్లకంటే వాటి పక్కన ఇటుకల గదుల వరస చూడండి, అవి బానిసల ఇళ్ళు. ఓపిక మిగిలితే జాన్స్ ఐలాండ్‌లో ఏంజెల్ ఓక్ అనే మహావృక్షం ఉంది, మన ఊడలమర్రిని గుర్తు చేస్తుంది, టికెట్ లేదు.

కాల్హౌన్ స్ట్రీట్‌లో ఇమాన్యుయెల్ అనే నల్లవాళ్ళ చర్చి ముందు నుంచి వెళ్తే ఒక్క నిమిషం ఆగండి. 1822లో బానిసల తిరుగుబాటుకి ప్లాన్ చేశాడని డెన్మార్క్ వీసీ అనే నల్లజాతి ఆయన్ని, ఆయనతో కలిపి 35 మందిని ఉరి తీశారు, ఆయన ఈ సంఘం వాడే. 2015 జూన్ 17 రాత్రి బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని ఒక కుర్రాడు కాల్చి చంపింది కూడా ఇక్కడే.

ఇక తప్పకుండా చెయ్యాల్సిన పని: వచ్చే ముందు ఆటుపోట్ల టేబుల్ చూడండి. ఈ ఊళ్ళో చాలా వీధులు ఒకప్పటి కాలవలు పూడ్చి వేసినవి, మార్కెట్ కూడా. పోటు 7 అడుగులు దాటితే వాన లేకుండానే, ఎండ కాస్తుండగానే వీధిలో ఉప్పునీళ్ళు. మొదటి ఏడాది నేను కారు పల్లంలో పార్క్ చేసి భోజనానికి వెళ్ళాను, వచ్చేసరికి డోర్ల దాకా నీళ్ళు, బ్రేకులు పోయి రిపేరుకి బాగానే వదిలింది. పార్కింగ్ గ్యారేజ్‌లో పెట్టుకోండి, డబ్బులకి చూడకండి.

తిండి గురించి మీ అమ్మగారు టెన్షన్ పడతారేమో, అక్కర్లేదు. ఇక్కడి గల్లా గీచీ (ఈ తీరంలోని ఆ ఆఫ్రికన్ బానిసల వారసులు) వంటల్లో బెండకాయ ఉంది, బొబ్బర్లు అన్నంలో కలిపి వండే హాపిన్ జాన్ ఉంది (పంది మాంసం వేస్తారు, శాకాహారులైతే ముందే అడగండి), నువ్వులతో చేసే బెనె వేఫర్లు ఉన్నాయి. అన్నీ ఆఫ్రికా నుంచి వచ్చినవే, మనకి మాత్రం ఇంటి తిండిలా ఉంటాయి. నాన్నగారు వేఫర్ కొరికి "జీడి పాకం తక్కువైంది" అన్నారు.

మార్కెట్‌లో బుట్ట కొనాలనిపిస్తే బేరం ఆడకండి ప్లీజ్. చిన్నదానికే యాభై, అరవై డాలర్లు చెప్తారు, కానీ అది రోజుల తరబడి కూర్చుని అల్లిన పని, పైగా ఆ గడ్డి దొరికే చోట్లన్నీ రిసార్టులు అయిపోయాయి. బుట్ట వద్దనుకుంటే కెరొలినా గోల్డ్ అనే బియ్యం ఒక సంచీ కొనుక్కెళ్ళండి, చచ్చిపోయిన ఆ పాత వరినే 1980ల్లో మళ్ళీ బతికించారు. కుక్కర్లో పెట్టకండి, ముద్దయిపోతుంది. ఇక్కడి పాతకాలం వాళ్ళు ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోసి, ఉడికాక వంపేసి, సన్న సెగ మీద ఆరనిచ్చేవాళ్ళు. మీ అమ్మగారికి చెప్పండి, గంజి వార్చమని, ఆవిడకి తెలుసు.